బాత్రూంలో జారిపడ్డ ఊరు

జూన్ 3, మంగళవారం

మా నాన్న చేత అబద్ధం చెప్పించినవాడు రాజేంద్రప్రసాద్. గారూ లేదు, బాబూ లేదు. నా డైరీలో ఆయనకు నేనిచ్చే మర్యాద ఇంతే.

పోయిన గురువారం ఆయన కొబ్బరితోటలో కాయ దింపు. జట్టుతో పాటు నాన్న కూడా వెళ్ళాడు. చెట్టు తల దగ్గర మొవ్వు దాకా ఎక్కాక ఎండుమట్ట ఊడొచ్చింది, పట్టు తప్పింది, నీళ్ళ బోదె గట్టు మీద పడ్డాడు. వెన్నుపూస నలిగిపోయింది. జరిగింది ఇది. అమలాపురం ఆస్పత్రి వాళ్ళు రాసుకున్నది మాత్రం: "మంగరాజు. ఇంట్లో బాత్రూంలో జారిపడ్డాడు."

మా ఇంటికి బాత్రూం ఏది? నాలుగు తడికలు, మధ్యలో ఒక బండరాయి. అందులో జారిపడి వెన్ను నలగాలంటే మనిషి ఆకాశంలోంచి స్నానానికి దిగాలి.

ఇవాళ ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్‌కి కుదరదని పైనుంచి వచ్చింది. ఆస్పత్రిలో ప్రభుత్వ పథకం బల్ల దగ్గర కూర్చునే సౌజన్య గారు కంప్యూటర్లో చూసి చదివారు. "చెప్పిన కారణానికీ గాయానికీ పొంతన లేదు. ప్రమాద వివరాలు దాచినట్టు కనబడుతోంది. తిరస్కరించడమైనది."

"తమ్ముడూ, బాత్రూంలో జారితే తుంటి విరుగుద్ది, మణికట్టు విరుగుద్ది. పూస ఇలా అణిగిపోవాలంటే ఎత్తు మీంచి రావాలంట. అక్కడ ఫిల్ములు చూసే డాక్టరుగారికి అది తెలీదా? నిజం చెప్పండి, ఎక్కణ్ణుంచి పడ్డారు?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "బాత్రూంలోనేనండి."

సౌజన్య గారు అమ్మ వంక చూసి, నా వంక చూసి, గొంతు తగ్గించారు. అప్పీలు చేసుకోవచ్చట. దానికి నాన్న స్వయంగా నిజం చెప్పాలి, పోలీసులు వచ్చి పడ్డచోటు చూడాలి, చూసినవాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. డాక్టరుగారు చెప్పింది ఒకటే. కాళ్ళలో స్పర్శ ఇంకా ఉంది, ఉండగానే చెయ్యాలి. కాకినాడ పెద్దాసుపత్రికి రాసిమ్మంటే, అక్కడా ఇదే కార్డు, ఇదే కంప్యూటరు, పైగా దారిలో కుదుపులకి ఏమైనా అయితే తమకు సంబంధం లేదన్నారు. చేతి డబ్బుతో చేయించుకోమని ఒక నర్సు సలహా. ఆ నర్సు మా ఇల్లు చూడలేదు.

జూన్ 4

నాన్న కుడికాలి బొటనవేలు కదిపాడు.

జూన్ 5, గురువారం

నాన్నతో మాట్లాడాను. అంటే, నేను అరిచాను, ఆయన పైకప్పు చూశాడు.

"నిజం చెప్తే చాలు నాన్నా. పోలీసులొచ్చి తోట చూసి రాసుకుంటారు, అంతే."

"తోటలోకి పోలీసులొస్తారా?"

"వస్తే ఏం?"

"కాంతం మొగుడప్పుడూ అలాగే ఒచ్చేరు."

కాంతం మాకు వరసకి అత్త. వాళ్ళాయన చెట్టు మీంచి పడ్డప్పుడు తోట పేరుతో సహా నిజం చెప్పేశాడు. పోలీసులు తోటకు వెళ్ళారు. ఆ మర్నాటి నుంచీ తోటలవాళ్ళెవరూ మా జట్టుని దింపుకి పిలవలేదు. గోదారి అవతల నుంచి వేరే జట్టుని తెచ్చుకున్నారు. మావాళ్ళు రెండేళ్ళు మట్టిపనికి తిరిగారు. ఆ రెండేళ్ళూ జట్టులో ఒక్కరు కూడా కాంతమత్త గుమ్మం తొక్కలేదు. ఆయన మంచంలోనే పోయాడు.

అప్పట్నుంచీ మా ఊళ్ళో చెట్టు మీంచి పడ్డవాడు లేడు. ఒకడికి చెయ్యి, ఒకడికి పక్కటెముకలు, మావయ్యకి తుంటి. అందరూ బాత్రూంలోనే పడ్డారు. మావయ్యంటే అమ్మ తమ్ముడు సత్యదుర్గారావు, జట్టుకి మేస్త్రీ. ఎముకలతో సరిపోయింది కాబట్టి ఆ అబద్ధాలు చెల్లాయి. వెన్నుపూస దగ్గర చెల్లలేదు.

"తోట పేరు ఎత్తకబ్బాయీ," అన్నాడు నాన్న. "నా ఒక్కడి నడుంకోసం అందరి నడుములూ ఇరగ్గొట్టమంటావా?"

దీన్ని మర్యాద అంటారు మావాళ్ళు. పుస్తకాల్లో దీనికి వేరే పేరుంది.

జూన్ 6

గడియార స్తంభం సెంటర్లో నేను పనిచేసే జిరాక్స్ కొట్టుకి ఎవరెవరో కరపత్రాలు తెచ్చి కాపీలు తీయించుకుంటారు. మిగిలినవి వదిలేసి పోతారు. డిగ్రీ మానేశాక నా చదువంతా అవే. బీడీ కార్మికులవి, అంగన్‌వాడీలవి, ఆక్వా చెరువుల మీద రాసినవి. ఒక్కటీ పారేయలేదు. ఇవాళ మొదటిసారి నేనే ఒకటి రాశాను.

"శ్రమజీవులారా! మీ చెమట తాగి పెరిగిన చెట్టే మీ వెన్ను విరుస్తుంటే, దాని నీడన కూర్చుని భూస్వామ్య అహంకారం వికటాట్టహాసం చేస్తోంది! గాయపడిన కార్మికుడి నోట అబద్ధం కుక్కిన రాజేంద్రప్రసాద్ జవాబు చెప్పాలి!"

చదువుకుంటుంటే నాకే ఒళ్ళు జలదరించింది. కొట్టు ఓనరు భోజనానికి వెళ్ళినప్పుడు కాపీలు తీశాను. కాగితానికి నా జీతంలో పట్టుకోమని మనసులోనే చెప్పాను.

జూన్ 7, శనివారం

ఊళ్ళో కాయ ఒలిచే రాశి దగ్గర పంచాను.

"ఏంటబ్బాయ్ ఇది, శుభలేఖా?"

"చదువు బాబాయ్."

"వికటా... ఇది నోరు తిరగట్లేదు గానీ, భూస్వామ్యం అంటే ఏంట్రా?"

"భూములున్నవాళ్ళ పెత్తనం."

"ఓర్నీ! రాజేంద్రప్రసాద్ గారికి భూములున్నాయని చెప్పడానికి ఇంత కాయితం ఎందుకురా? ఆయన భూమ్మీద నిలబడే కదా చదువుతున్నాం!"

అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకుని, మళ్ళీ కాయ ఒలుచుకున్నాడు. చైతన్యం ఒక్కరోజులో రాదు.

జూన్ 8, ఆదివారం

రాజేంద్రప్రసాద్ ఆస్పత్రికి వచ్చాడు. కార్డు తిరగ్గొట్టాక నాన్న మంచం వరండాలోకి మార్చారు కదా, అక్కడికే. తెల్ల చొక్కా, చేతిలో పళ్ళ సంచీ. జేబులోంచి నా కరపత్రం తీశాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. ఉంటే బావుండేది.

"ఏం మంగరాజూ, ఎలా ఉంది?"

"ఆయ్, బానే ఉందండి." మా నాన్న ఆ మంచం మీద పడుకుని కూడా లేవబోయాడు!

"మీవాడు ఇదేదో రాసేడు. నీ చేత అబద్ధం చెప్పించేనంట. ఆ రోజు నేను ఊళ్ళో ఉన్నానా? మా అమ్మాయి దగ్గరికి కాకినాడ వెళ్ళేను. ఇక్కడ చేర్పించేసేక నాకు ఫోనొచ్చింది. బాత్రూం అని నేను చెప్పమన్నానా, నువ్వే చెప్పు."

"లేదండి. మీరేం అన్లేదండి. కుర్రాడండి, మనసులో పెట్టుకోకండి."

నేను అన్నాను, "అయితే మీ తోటలోనే పడ్డాడని రాసి సంతకం పెట్టండి. అప్పీల్లో అది చాలు."

"పెడతాను బాబూ, ఎందుకు పెట్టను? నాకేం, దాచుకునేదా? మా లాయరుగారితో ఒక్క మాట అని, రేపో ఎల్లుండో పంపిస్తాను."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన చెయ్యి నాన్న పాదం మీద వేసి ఉంచాడు, ఓదార్పుగా. ఆయన వెళ్ళాక నాన్న అడిగాడు, "బాబుగారు అంతసేపూ నిలబడే ఉన్నారా? కుర్చీ వెయ్యకపోయేవా?"

"నీ కాలు పట్టుకుని నిలబడ్డాడుగా."

"నా కాలా?" అన్నాడు నాన్న.

జూన్ 9

రాజేంద్రప్రసాదే చెప్పించాడు. కాకినాడ నుంచి ఫోన్ చేసి చెప్పించి ఉంటాడు. ఫోన్ ఎందుకు ఉంది మరి?

సంతకం రాలేదు.

జూన్ 10, మంగళవారం

అమ్మని నిలదీశాను. బాత్రూం అన్న మాట ముందు ఎవరన్నారు? మావయ్యా? అంబులెన్సు ఎక్కించేటప్పుడా? ఫోన్ ఎవరికి వచ్చింది?

అమ్మ కంచం కడుగుతూనే చెప్పింది. "మీ నాన్నే. నేను పరిగెత్తుకెళ్ళేసరికి గట్టు మీద పడున్నాడు. మొహం మీద నీళ్ళు కొడితే కళ్ళు తెరిచేడు. మీ మావయ్య ఒంక చూసి, ఒరే దుర్గారావూ, బాత్రూం అను, అన్నాడు. అప్పటికి నెప్పి కూడా చెప్పలేదు."

"ఎవరూ అడక్కుండానే?"

"ఎవరో అడగాలేంట్రా?"

ఈ డైరీలో మొదట రాసిన వాక్యం కొట్టేయాలి. కలం పట్టుకుని కూర్చున్నాను. కొట్టేయలేదు. ఆయన పేరు తీసేస్తే అక్కడ ఎవరి పేరు పెట్టాలి?

జూన్ 12, గురువారం

పొద్దున్నే మావయ్య ఆస్పత్రికి వచ్చాడు. వచ్చీ రావడం నా చొక్కా పట్టుకున్నాడు.

"చదువుకున్నోడివి కదరా! కాయితాలు రాసే మొనగాడివి! ఇవాళ రాజేంద్రప్రసాద్ గారి తోటలో దింపు ఎవరిదో తెలుసా? రాజోలు అవతల జట్టుది. ఆయన తమ్ముళ్ళ తోటలూ అంతే, వియ్యంకుడి తోటా అంతే. మేం కత్తులు పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేసేరు. మీరు చెట్టెక్కితే భయమేస్తోందయ్యా, మళ్ళీ పేపరు రాస్తారేమోనని, అని పాలేరు చేత చెప్పించేరు. పాలేరు చేత!"

"నేను రాసింది అబద్ధమా మావయ్యా?"

"నిజమైతే అన్నం పెడతాదేంట్రా?"

అమ్మ మధ్యలోకి వచ్చింది. అక్కని చూసి మావయ్య నా చొక్కా వదిలేశాడు. నాన్న అటు తిరిగి పడుకోవాలనుకున్నాడు. తిరగలేడు. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు.

జూన్ 13

నేను రాసింది నిజమే.

నేను రాసింది నిజమే.

జూన్ 14, శనివారం

డాక్టరుగారు పిన్నుతో అరికాలి మీద గీశారు. నాన్న "ఆయ్, తెలుస్తోందండి," అన్నాడు. ఆయన గీయడం ఆపేశాక కూడా రెండుసార్లు తెలుస్తోందన్నాడు.

బయటికి పిలిచి చెప్పారు. ఇప్పుడు చేసినా చెట్టెక్కడం ఉండదు, నడక కూడా చెప్పలేం. కుర్చీలో కూర్చోగలడు, వీపు మీద పుళ్ళు పడకుండా బతకగలడు. చెయ్యకపోతే అదీ ఉండదు.

వారం కింద చేసుంటే? ఆ ప్రశ్న ఆయన్ని అడగలేదు. ఇక్కడా అడగను.

సౌజన్య గారు చెప్పారు, "అప్పీళ్ళు వినే కమిటీ ఇరవై మూడో తారీఖు సోమవారం కలెక్టరేట్లో కూర్చుంటుందండి. అది దాటితే మళ్ళీ ఎప్పుడో నాకూ తెలీదు. ఈలోగా మీ నాన్నగారి స్టేట్‌మెంటు ఇప్పించండి. మంచం ఖాళీ చెయ్యమనకుండా అప్పటిదాకా నేను చూస్తాను."

జూన్ 15

వాన. వరండాలోకి జల్లు కొడుతోంది. అమ్మా నేనూ మంచం గోడకి జరిపాం.

కొట్టుకి వెళ్ళాలనిపించలేదు. కరపత్రాల కట్ట ముట్టుకోవాలనిపించలేదు.

జూన్ 17, మంగళవారం

కాంతమత్త వచ్చింది. స్టీలు క్యారేజీలో చారన్నం తెచ్చింది. వాళ్ళాయన పోయాక ఆవిడ మా జట్టులో ఎవరి ఇంటికీ వెళ్ళగా నేను చూడలేదు. అమ్మ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, క్యారేజీ అందుకుంది.

"కూర్చో వదినా."

"కూర్చోడానికి రాలేదు చిట్టెమ్మా. అన్నయ్యతో ఒక మాట చెప్పిపోదామని." మంచం దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, మా ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఒక్కసారీ రాలేదు."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. "రాలేదమ్మా."

"ఒచ్చుంటే నీకూ తోటలు పోయేవి. సరే, అది అయిపోయింది. ఇప్పుడు నువ్వు నోరు కుట్టేసుకున్నావు, జట్టుకి తోటలుండాలని. తోటలేవీ? నీ కొడుకు ఊడగొట్టేసేడు కదా!"

నా వైపు చూడను కూడా చూడలేదు.

"లేని తోటలకి కాపలా ఏంటన్నయ్యా? ఎవరి కోసం?"

ఆవిడ క్యారేజీ విప్పి, అన్నం కలిపి, నాన్న నోటికి పెట్టింది. నాన్న తిన్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచింది.

ఆవిడ వెళ్ళాక నాన్న అన్నాడు, "మీ మావయ్యని రమ్మను."

ఫోన్ నేను చెయ్యలేదు. అమ్మ చేత చేయించాను.

జూన్ 19, గురువారం

పోలీసు స్టేషన్ నుంచి హెడ్డుగారు వచ్చారు. లావుపాటి మనిషి, తడిసిన రెయిన్‌కోటు మంచం కోడుకి తగిలించి కూర్చున్నారు. నాన్న చెప్పాడు. ఎక్కడ, ఏ తోట, ఎన్నో వరస, ఏ చెట్టు. ఎండుమట్ట సంగతి చెప్పాడు. అందులో ఒక్క మాటా రాజేంద్రప్రసాద్ మీద లేదు.

"మరి ముందు బాత్రూం అని ఎందుకు చెప్పేవయ్యా?"

నాన్న ఆలోచించాడు. "అలవాటండి."

హెడ్డుగారు కలం ఆపారు. "ఇదేం అలవాటు?"

అప్పుడు మావయ్య గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చి, పంచె కొంచెం పైకి లాగి తుంటి మీద కుట్లు చూపించాడు. "నాదీ అదే అలవాటండి. నేనూ ఆయన తోటలోనే పడ్డాను. కాగితాల్లో బాత్రూమే." సాక్ష్యానికి ఇద్దరు చాలు. జట్టులో సగం మంది వచ్చారు. ఒకడు వంకర మోచెయ్యి చాపాడు. ఇంకొకడు చొక్కా విప్పబోతే హెడ్డుగారు వద్దన్నారు.

"మీ ఊళ్ళో బాత్రూములు మహా డేంజరుగా ఉన్నాయే!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న కూడా నవ్వాడు. పడ్డాక మొదటిసారి నవ్వాడు, నవ్వితే నొప్పి పుట్టి ఆపేశాడు.

వెళ్ళేటప్పుడు మావయ్య నాతో మాట్లాడలేదు. నా చెప్పులు దారికి అడ్డంగా ఉంటే కాలితో పక్కకు జరిపి వెళ్ళాడు. అంతవరకే.

జూన్ 20, శుక్రవారం

హెడ్డుగారు నిన్ననే తోటకెళ్ళి పడ్డచోటు చూసొచ్చారట; సౌజన్య గారు ఆ పోలీసు కాగితం జతచేసి పంపారు. పంపాక కూడా ఆవిడ మొహం తేలిక పడలేదు.

"ఒక చిక్కుంది తమ్ముడూ. ముందు అబద్ధం చెప్పేరు కాబట్టి ఇప్పుడు చెప్పేది మాత్రం నమ్మడమెలా అనొచ్చు. డబ్బుల కోసం మాట మార్చేరంటారు. ఇలాంటివి తిప్పికొట్టడం నేను చూసేను."

"రాజేంద్రప్రసాద్ గారి సంతకం ఉంటే?"

"ఉంటే వేరు. ఇచ్చేరా?"

ఇవ్వలేదు. లాయరుగారు ఊళ్ళో లేరట.

గారూ అని రాశాను. కొట్టేయను. ఆయన్ని తిట్టడానికి కూడా ఓపిక లేదివాళ.

మావయ్యకి ఫోన్ చేశాను, నేనే. కమిటీ వాళ్ళు అడిగితే ఇది ఒక్క మంగరాజు అబద్ధం కాదు, మా ఊళ్ళో ఎప్పట్నుంచో ఇంతే అని చెప్పడానికి మనుషులు కావాలన్నాను. కాగితం మీద కాదు, ఎదురుగా. మావయ్య వింటున్నాడో లేదో తెలీలేదు. చివరికి, "మన జట్టే సరిపోదురా. చుట్టుపక్కల జట్లన్నిట్లోనూ ఉన్నారు. ఒక కాయితం రాయి," అన్నాడు. ఆగి, "మీ నాన్నని అడిగి రాయి," అన్నాడు.

జూన్ 21, శనివారం

మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాశాను. "శ్రమజీవులారా" అని మొదలుపెట్టాను.

"ఎవరది?" అన్నాడు నాన్న.

"మనమే."

"మరి అలా రాస్తే మనమని ఎలా తెలుస్తాది? తీసెయ్."

తీసేశాను. దోపిడీ అన్న చోట ఆపాడు. అహంకారం అన్న చోట ఆపాడు. రాజేంద్రప్రసాద్ దగ్గర నేనే ఆగి ఆయన మొహం చూశాను. "తోట ఆయనదే కదా, ఆ ముక్క ఉండనీ. అబద్ధం మాత్రం నాది. నాదని రాయి."

"నిన్ను నువ్వే తప్పు పట్టుకుంటున్నట్టు ఉంటాది నాన్నా."

"ఉండనీ. నేను ఒప్పుకుంటేనే గదా, ఇంకోడు ఒప్పుకుంటాడు."

నోరెండిపోతే అమ్మ చెంచాతో నీళ్ళు పోసింది. ఆఖరి వాక్యం కూడా ఆయనే చెప్పాడు. ఆ వాక్యం రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. ఆయన కళ్ళు మూసుకుని, నేను రాసేదాకా ఆగాడు.

కొట్టు ఓనరుకి చూపించి, అడిగి కాపీలు తీశాను. ఆయన చదివి, కాగితానికి లెక్క వద్దన్నాడు. ఒక కాపీ ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"నేను మంగరాజుని, దింపు కార్మికుణ్ణి. రాజేంద్రప్రసాద్ గారి తోటలో చెట్టు మీంచి పడ్డాను. బాత్రూంలో పడ్డానని ఆస్పత్రిలో అబద్ధం చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు, నేనే చెప్పాను. అందువల్ల నాకు ఆపరేషన్ కాలేదు. మీలో చెట్టు మీంచి పడి బాత్రూం అని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఎవరెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వచ్చి ఆ మాట చెప్పండి. ఆడవాళ్ళు, పోయినవాళ్ళ తాలూకు వాళ్ళు కూడా రావాలి. ఇరవై మూడు, సోమవారం పొద్దున్న తొమ్మిది గంటలకి, అమలాపురం కలెక్టరేటు గేటు దగ్గర. నడవలేనివాళ్ళని జట్టు మోసుకొస్తుంది."